ఎర్రగడ్డ వేరులో కణం చీలడం చూడాలంటే

తిరుపతిలో ఉండేవాళ్ళకు గుండ్లు కొత్త కాదు. కొండ దిగి, తలకు గంధం పూసుకుని బస్టాండు వైపు నడిచే పిల్లల్నీ పెద్దల్నీ రోజూ చూస్తుంటాం. ఇంటర్ పిల్లలకు కణవిభజన పాఠం మొదలుపెట్టే ముందు నేను వాళ్ళనే గుర్తు చేస్తాను. తలనీలాలు ఇచ్చి వచ్చాక జుట్టు మళ్ళీ వస్తుంది కదా, అది కొసన పెరుగుతుందా, మొదట్లో పెరుగుతుందా అని అడుగుతాను. సగం మంది కొసన అంటారు. కత్తి కోసేది ప్రాణం లేని భాగాన్ని. ప్రాణమున్న కణాలు చర్మం కింద, వెంట్రుక కుదుట్లో ఉంటాయి. అవి చీలుతూ, పైవాటిని తోస్తూ ఉంటే జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పైకి వస్తుంది.

వేరు సంగతి దీనికి తలకిందులు. అక్కడ కణాలు చీలేది కొసనే. ఆ కొసను కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం ఎలాగో ఇక్కడ చెబుతాను. దాంతోపాటు ఇంట్లోనే చేయగల ఇంకో చిన్న ప్రయోగం కూడా చెబుతాను. ఎందుకంటే కణం చీలడం వేరు, కణం పెరగడం వేరు. ఒక రొట్టెను రెండు ముక్కలు చేస్తే రొట్టె పెద్దదవదు. కణమూ అంతే. చీలినంత మాత్రాన వేరు పొడుగవదు. చీలిన ముక్కలు మళ్ళీ పెరగాలి. పాఠం అప్పజెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపేసే పిల్లలే ఎక్కువ. వేరులో ఈ రెండు పనులూ రెండు వేర్వేరు చోట్ల జరుగుతాయి కాబట్టి, విడదీసి చూడటానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

ముందు ఎర్రగడ్డ

అంగడిలో ఎర్రగడ్డలు ఏరేటప్పుడు వంటకు పనికొచ్చేవి కాదు, మొలక వచ్చేవి కావాలి. తల దగ్గర పచ్చగా మొలక కనబడుతున్నదైతే మరీ మంచిది. అడుగున ఉండే పళ్ళెం లాంటి భాగం గట్టిగా ఉండాలి, బూజు ఉండకూడదు. చిన్నవి తీసుకోండి. సాంబారులో వేసే చిన్న ఎర్రగడ్డలైనా సరే, తొందరగా వేళ్ళు వేస్తాయి. తెల్లగడ్డ రెబ్బలతో కూడా చేయొచ్చు.

ఒక్కోసారి ఎన్ని రోజులు నీళ్ళలో పెట్టినా వేరు రాదు. తప్పు మీది కాకపోవచ్చు. నిలవలో మొలకెత్తకుండా కొన్ని ఎర్రగడ్డలకు గామా కిరణాలు తగిలిస్తారు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో అందుకోసమే ఒక కేంద్రం ఉంది. ఆ కిరణాలు చీలాల్సిన కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. గడ్డ తినడానికి బాగానే ఉంటుంది, దాని కణాలు మాత్రం చీలవు. అందుకే ఒకే అంగడిలో కాకుండా రెండు మూడు చోట్ల తెచ్చి, ఐదారు గడ్డలు ఒకేసారి పెట్టండి.

అడుగున ఎండిపోయిన పాత వేళ్ళను బ్లేడుతో సుతారంగా గీకేయండి. లోతుగా గీకితే కొత్త వేళ్ళు పుట్టే చోటే పోతుంది. వెడల్పు మూతి సీసా నిండా నీళ్ళు పోసి, గడ్డకు మూడు వైపులా కొబ్బరి చీపురు పుల్లలు గుచ్చి, సీసా మూతి మీద నిలబెట్టండి. అడుగు భాగం నీళ్ళను తాకాలి, గడ్డ మునగకూడదు. మునిగితే రెండో రోజుకే కుళ్ళు వాసన వస్తుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే ఒక రాత్రి బిందెలో ఉంచి, క్లోరిన్ వాసన పోయాక వాడండి. నీళ్ళు రోజూ మార్చండి. సీసాను ఎండ తగలని చోట పెట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో మన ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గడ్డ వేరు వేయడం కంటే కుళ్ళడమే ఎక్కువ. కార్తీకం నుంచి మాఘం దాకా, చలి పట్టిన రోజుల్లో పెడితే మూడు నుంచి ఐదు రోజుల్లో తెల్లటి వేళ్ళు గుత్తిగా దిగుతాయి. 2 సెంటీమీటర్లు వచ్చాయంటే కోతకు సిద్ధం.

వేళ్ళు వచ్చేలోగా అనపగింజలు

ఈ నాలుగు రోజులూ ఊరికే కూర్చోకండి. పితికిపప్పు కోసం ఇంట్లో దాచుకున్న ఎండు అనపగింజలు ఓ పిడికెడు తీసి రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూటకట్టండి. రెండు మూడు రోజుల్లో వేరు బయటికొస్తుంది. 2 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండి, నిటారుగా దిగినవి నాలుగైదు ఎంచుకోండి.

వేరు మీది తడిని గుడ్డతో అద్దండి, రుద్దకండి. స్కేలు పక్కన పెట్టుకుని కొస నుంచి వెనక్కి, మిల్లీమీటరుకు ఒకటి చొప్పున పది గీతలు పెట్టాలి. బాల్‌పెన్నుతో తడి వేరు మీద గీత పడదు. కుట్టుదారాన్ని రెండు చేతుల్లో బిగించి పట్టుకుని, నీళ్ళకు చెరగని ఇండియన్ ఇంకులో ముంచి, వేరు మీద అడ్డంగా ఆనించి తీసేయండి. సన్నటి గీత పడుతుంది. తొలిసారి చేయి వణుకుతుంది. అందుకే నాలుగైదు గింజలు తీసుకోమన్నాను.

గాజు గ్లాసు లోపలి గోడకు తడి పేపరు చుట్టి, పేపరుకూ గాజుకూ మధ్య గింజను వేరు కిందికి ఉండేలా ఇరికించండి. అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు పోసి, పైన ఓ చిప్ప బోర్లించండి. మర్నాడు అదే సమయానికి స్కేలు పెట్టి గీతల మధ్య దూరం కొలవండి. ఆ మర్నాడు కూడా కొలవండి.

కనబడేది ఇదీ. పైన గింజకు దగ్గరగా ఉన్న గీతలు ఎలా పెట్టారో అలాగే ఉంటాయి. కొసకు కాస్త వెనక ఉన్న గీతలు మాత్రం బాగా ఎడమవుతాయి, ఇంకు సాగి మసకబారుతుంది కూడా. అంటే వేరంతా సాగడం లేదు, ఆ కొద్ది జాగా మాత్రమే సాగుతోంది. అక్కడి కణాలు చీలడం మానేసినవి. వాటి గోడ వదులవుతుంది, లోపలున్న రిక్తికలోకి, అంటే నీటి సంచి లాంటి భాగంలోకి, నీరు చేరుతుంది, ఆ ఒత్తిడికి కణం పొడవునా సాగి కొన్ని రెట్లు అవుతుంది. నేలలోకి కొసను తోసే బలం అక్కడిదే. కణాలు చీలే చోటు దానికి ముందు, కొసలోని ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ మాట నిజమో కాదో ఇప్పుడు ఎర్రగడ్డ వేరులో చూద్దాం.

కోత, నిలవ

ఇక్కడి నుంచి రసాయనాలుంటాయి కాబట్టి బడి ల్యాబులో, మాస్టరు పక్కన ఉండగానే చేయండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరవండి. గాఢ ఎసిటిక్ ఆమ్లం వాసన ముక్కును కోసేస్తుంది, చుక్క పడితే చర్మం కాలుతుంది. ఆల్కహాలు ఉన్న చోట దీపం వెలిగించకండి.

పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల మధ్య వేళ్ళు కోయడం మా అలవాటు. కొస నుంచి 1 సెంటీమీటరు కోసి, కోసిన వెంటనే ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్ళు ఇథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవంలో వేయండి. ఈ ద్రవాన్ని ముందుగా కలిపి ఉంచకండి, ఆ రోజు కావలసినంత ఆ రోజే కలపండి. దీని పని కణాలను ఉన్నవి ఉన్నట్టుగా ఆపేయడం. ఏ కణం ఏ పనిలో ఉందో ఆ పనిలోనే నిలిచిపోతుంది. 24 గంటలు ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చితే కొన్ని వారాలు నిలవ ఉంటాయి.

స్లైడు తయారీ

నిలవ ఉంచిన వేరును వాచ్ గ్లాసులో నీళ్ళతో కడిగి, స్లైడు మీద పెట్టండి. ఒక చుక్క పదోవంతు నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని మీద రెండు మూడు చుక్కల ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేయండి. ఆమ్లం పలుచన చేయాల్సి వస్తే నీళ్ళలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురును ఈ ఆమ్లం వదులు చేస్తుంది. ఆ పని జరగకపోతే తర్వాత ఎంత నొక్కినా కణాలు విడిపోవు, ముద్దగానే ఉంటాయి.

ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, స్పిరిట్ దీపం మీద స్లైడును అటూ ఇటూ ఆడిస్తూ వెచ్చబెట్టండి. అరచేతి వెనక ఆనిస్తే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. రంగు మరిగిందంటే స్లైడు చెడినట్టే. ఆరిపోతున్నట్టుంటే ఇంకో చుక్క రంగు వేయండి.

ఇప్పుడు అసలైన పని. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏడాది ఇక్కడే దెబ్బతిన్నాను. వేరు ముక్కలో ఏది కొస, ఏది కోసిన వైపు అని పిల్లలకు చెప్పలేదు. వాళ్ళు లావుగా, బాగున్న ముక్క అని పై భాగం ఉంచుకుని, సన్నటి కొసను పారేశారు. ముప్పై మంది స్లైడుల్లో ఒక్కదాంట్లో కూడా చీలే కణం లేదు. అన్నీ పొడవాటి ఖాళీ పెట్టెలు, పక్కకు ఒరిగిన చిన్న కేంద్రకాలు. ఆ రోజు పిల్లల మొహాలు చూసి నాకు చాలా బాధేసింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది, వాళ్ళు చూసింది తప్పు స్లైడు కాదు, సాగే చోటు. అప్పటి నుంచే అనపగింజల ప్రయోగం ముందు చేయించడం మొదలుపెట్టాను.

కొసను ఇలా గుర్తుపట్టండి. కోసిన వైపు తిన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. కొస గుండ్రంగా ఉంటుంది, రంగు వేశాక మిగతా వేరు కంటే ముదురు ఎరుపులో కనబడుతుంది. అక్కడ కణాలు చిన్నవి, ఒత్తుగా ఉంటాయి, ప్రతి దాని నిండా కేంద్రకమే. రంగు పట్టేది కేంద్రకంలో డీఎన్‌ఏను మోసే పోగులకు, అంటే క్రోమోసోములకు కాబట్టి ఆ చోటు ముదురుగా ఉంటుంది. ఆ ముదురు భాగం 2 మిల్లీమీటర్లు ఉంచి, మిగిలింది బ్లేడుతో కోసి తీసేయండి.

కొస మీద ఒక చుక్క నీళ్ళు వేసి, బుడగ రాకుండా కవర్ స్లిప్పును ఒక పక్క నుంచి వాల్చండి. పెన్సిలు వెనకున్న రబ్బరుతో దాని మీద మెల్లగా తట్టండి. ఎర్రటి చుక్క పొగమంచులా పరుచుకుంటుంది. ఆపైన బ్లాటింగ్ పేపరు మడత వేసి, బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకు జరగకూడదు. జరిగితే కణాలు చాపలా చుట్టుకుపోతాయి, కవర్ స్లిప్పూ పగులుతుంది. కణాలు ఒకదాని మీద ఒకటి లేకుండా ఒకే వరుసగా పరుచుకోవాలి.

ఏం చూడాలి

ముందు 10 రెట్ల వస్తుకటకంతో వెతకండి. చతురస్రంగా, పెద్ద కేంద్రకాలతో ఉన్న కణాల గుంపు దొరికితే ఆ గుంపును నడిమికి తెచ్చి, అప్పుడు 40 రెట్లకు మారండి. మారాక పెద్ద మరను ముట్టుకోవద్దు, చిన్న మరతోనే సరిచేసుకోండి. అక్షికటకం 10 రెట్లది కాబట్టి మీరు చూసేది 400 రెట్లు పెద్దదైన బొమ్మ.

ఎక్కువ కణాల్లో కేంద్రకం గుండ్రంగా, మెత్తగా కనబడుతుంది. ఇది అంతర్దశ. విశ్రాంతి దశ అని పాత నోట్సుల్లో రాసేవారు, ఆ మాట నాకు నచ్చదు. కణం ఎక్కువగా పనిచేసేది అప్పుడే. ముందు పెరుగుతుంది, తర్వాత తన డీఎన్‌ఏ మొత్తానికి రెండో ప్రతి రాసుకుంటుంది, మళ్ళీ కొంత పెరిగి చీలడానికి సిద్ధమవుతుంది.

చీలే కణాలు వెతకడం మొదలుపెడితే మొదట దొరికేది ప్రథమ దశ. కేంద్రకం చిక్కుపడిన నూలు ఉండలా ఉంటుంది. మధ్యస్థ దశలో క్రోమోసోములన్నీ కణం నడుమ ఒక వరుసలో నిలబడతాయి. బాగా నొక్కిన స్లైడులో ఓపిగ్గా లెక్కిస్తే 16 వస్తాయి. మనిషికి 46 ఉన్నా అవి చాలా చిన్నవి. ఎర్రగడ్డవి తక్కువా, పెద్దవీ కావడం వల్లే ప్రపంచమంతటా బళ్ళలో ఈ గడ్డనే వాడతారు.

చలన దశ దొరికితే మాత్రం అక్కడే ఆగి, మీ పక్కవాళ్ళనందరినీ పిలవండి. ఒక్కో క్రోమోసోములోని రెండు పోగులూ విడిపోయి, 16 ఒక కొసకూ 16 మరో కొసకూ పోతుంటాయి. బ్రహ్మోత్సవాల్లో రథానికి కట్టిన మోకుల్లాగా వీటికీ కండె తంతువులు కట్టి ఉంటాయి, ఎసిటోకార్మిన్‌లో అవి కనబడవు. రథం మోకును జనం లాగుతారు. ఇక్కడ మోకే, క్రోమోసోముకు కట్టిన చోట పోగు పోగుగా ఊడిపోతూ పొట్టిదవుతుంది, ఆ పొట్టిదవడంతో క్రోమోసోము వెంట వస్తుంది. నడుమ తంతువు పట్టిన చోటు ముందుకు పోయి, రెండు చేతులూ వెనక వేలాడతాయి కాబట్టి చాలా క్రోమోసోములు వంగి కనబడతాయి.

మన పెరట్లో పూచే బిళ్ళగన్నేరు గుర్తుందా? ఆ మొక్క నుంచి తీసే విన్‌క్రిస్టీన్ అనే మందు ఈ కండె తంతువులు కట్టుకోకుండా అడ్డుకుంటుంది. తంతువు లేకపోతే కణం మధ్యస్థ దశ దాటలేదు. చిన్నపిల్లల రక్త క్యాన్సరుకు అది వాడతారు. అంతకంటే ముందు దశలో, డీఎన్‌ఏకు రెండో ప్రతి రాయడాన్నే అడ్డుకునే ఎమినోప్టెరిన్ మందు వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయనతో పనిచేసినవాళ్ళు. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా, అంటే రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడాన్ని 1948లో ప్రకటించారు. ఇలాంటి మందులు తీసుకునేవాళ్ళకు జుట్టు రాలడానికి కారణం కూడా మీకు ఇప్పుడు తెలుసు. కుదుట్లో కణాలూ గబగబా చీలేవే కదా. ఈ సంగతి నేను ప్రతి ఏడాదీ చెబుతాను. వింటున్న పిల్లల్లో ఎవరింట్లోనో ఆ జబ్బు ఉండొచ్చు, ఎందుకలా జరుగుతుందో వాళ్ళకు తెలియాలి.

చివరిది అంత్య దశ. రెండు కొసల్లో రెండు కేంద్రకాలు ఏర్పడతాయి, వాటి మధ్య సన్నటి గీత మొదలవుతుంది. ఆ గీత నడుమ నుంచి బయటికి పెరిగి గోడలను అందుకుంటుంది. జంతు కణమైతే బయటి నుంచి లోపలికి నొక్కుకుంటుంది. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంది కాబట్టి ఆ దారి కుదరదు.

చనిపోయిన కణాలతో కాలాన్ని లెక్కించడం

మీరు చూస్తున్న కణాల్లో ఒక్కటి కూడా కదలదు, అన్నీ ఎప్పుడో ఆగిపోయాయి. అయినా ఏ దశ ఎంతసేపు పడుతుందో వాటినే అడిగి తెలుసుకోవచ్చు. మధ్యాహ్నం బడిలో అన్నం దగ్గర ఒక ఫోటో తీశారనుకోండి. తింటున్నవాళ్ళు ఎక్కువ, చేయి కడిగేవాళ్ళు తక్కువ కనబడతారు. తినడానికి ఎక్కువసేపు, కడగడానికి తక్కువసేపు పడుతుంది కాబట్టి. స్లైడు కూడా అలాంటి ఫోటోనే. జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ కూడా ఇలాగే, చూడటానికి బల్లిలా ఉండే సాలమాండర్ అనే ఉభయచరం లార్వాల కణాలకు రంగులు వేసి, దొరికిన బొమ్మలను వరుసగా పేర్చి, 1882లో ఈ విభజనకు మైటోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో దారం అనే మాట నుంచి తీసిన పేరది.

ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీయండి. స్లైడును ఒక మూల నుంచి మొదలుపెట్టి, వరిమడిలో కలుపు తీసినట్టు సాలు వెంట సాలు జరుపుతూ, కనబడిన ప్రతి కణాన్నీ ఏదో ఒక గడిలో గీత పెట్టి లెక్కించండి. చూసిన చోటే మళ్ళీ చూడకూడదు. బాగుందని చలన దశను రెండుసార్లు వేసుకోకూడదు. ప్రథమ దశా అంతర్దశా అని అనుమానం వస్తే పక్కవాళ్ళ చేత చూపించి, ఇద్దరూ ఒప్పుకున్నదే రాయండి. కనీసం 400 కణాలు లెక్కించండి, 50తో తేల్చేస్తే లెక్క నిలవదు. ఒకే కొసను కాకుండా రెండు మూడు కొసలు చూస్తే ఇంకా మంచిది.

ఉదాహరణకు 400 కణాల్లో 40 చీలే దశల్లో ఉన్నాయనుకోండి. 40ని 400తో భాగించి 100తో గుణిస్తే 10 శాతం. దీన్నే విభజన సూచిక అంటారు. ఇప్పుడు కణచక్రం మొత్తానికి బడి లెక్కల్లో తీసుకునే 24 గంటలు, అంటే 1440 నిమిషాలు తీసుకుంటే, ఆ 10 శాతం 144 నిమిషాలు. ఆ 40లో 4 చలన దశలో ఉంటే చలన దశకు సుమారు 14 నిమిషాలు. అసలు కణచక్రం ఎంతన్నది వేడిని బట్టి మారుతుంది కాబట్టి నిమిషాలను మరీ పట్టుకోకండి, ఏ దశ పొడుగు, ఏది పొట్టి అన్నది గట్టిగా నిలుస్తుంది. అంత్య దశ లెక్కలో మాత్రం జాగ్రత్త. గోడ పూర్తయితే రెండు కొత్త కణాలుగా అంతర్దశలో వేయాలి, పూర్తి కాకపోతే ఒక్క కణంగా అంత్య దశలో వేయాలి.

వీలైతే పక్కనే ఇంకో స్లైడు కూడా చేయండి, ఈసారి కావాలనే కొసకు 8 మిల్లీమీటర్ల వెనక ముక్కతో. ఇక్కడ మా తొలి ఏడాది పిల్లలు చూసిన పొడవాటి పెట్టెలే కనబడతాయి. ఒక చతురస్ర కణం, ఒక పొడవాటి కణం ఒకే కాగితం మీద అదే కొలతలో గీసి, కింద అనపగింజ గీతల కొలతలు రాసి పెట్టుకోండి.

మంచి స్లైడు దొరికితే కవర్ స్లిప్పు నాలుగు అంచులకూ గోళ్ళరంగు పూయండి, కొన్ని రోజులు ఆరిపోకుండా ఉంటుంది. ఫోన్ కెమెరాను అక్షికటకానికి ఆనించి ఫోటో తీయొచ్చు, కాస్త ఓపిక పట్టి దూరం సరిచూసుకోవాలి. మిగిలిన ఆమ్లాన్ని చాలా నీళ్ళలో పలుచన చేసి ల్యాబు తొట్టిలో పోయండి, ఆల్కహాలు ద్రవాన్ని మాస్టరుకు అప్పజెప్పండి. కొన్ని వేళ్ళు కోసిన ఎర్రగడ్డను పారేయకండి. దానికి మందేమీ తగల్లేదు కదా. మిగతా వేళ్ళు విరగకుండా కుండీలో మట్టి వేసి నాటితే పచ్చటి కాడలు వస్తాయి, పప్పులోకి కోసుకోవచ్చు.